నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో ప్రకృతి పరిరక్షణ, పర్యావరణ విద్య

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది పారే నల్లరేగడి లోయ. ఈ లోయలోని నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాల చుట్టుపక్కల అడవిని, పక్షిని, గడ్డిబీడును కాపాడాలని జనంలో ప్రచారం చేసే పని స్వచ్ఛంద సంస్థల చేతికి వచ్చింది 1980ల్లోనే. అందులో ప్రధాన పాత్ర 1883లో ముంబైలో పుట్టిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీది. సర్కారు తరఫున అటవీశాఖ, స్థానికుల తరఫున చెంచులు, గొర్రెల కాపరులు, వేటగాళ్ళు ఈ కథలో కనిపిస్తారు. రోళ్ళపాడు బట్టమేక పక్షి, పొరుగున ఉన్న కడప జిల్లా కలివికోడి అనే రెండు పక్షుల చుట్టూనే ఈ ప్రాంతపు పరిరక్షణ చరిత్ర ఎక్కువగా నడిచింది.

తొలి పరిశీలకులు

పూర్వ రాజ్యాల కాలంలో అడవి ఎవరి అధీనంలో ఉండేదో శాసనాలు చెబుతాయి గానీ, అందులోని జీవజాతుల వివరాలు వాటిలో దొరకవు. రాతలో నమోదైన ప్రకృతి పరిశీలన ఇక్కడ కంపెనీ దొరల కాలంలో మొదలైంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో పాతకాలపు జంతువుల ఎముకలు ఉన్నాయని కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో రాశాడు. నలభై ఏళ్ళ తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ గుహలను తవ్వించారు. దొరికిన శిలాజాలను రిచర్డ్ లిడెక్కర్ పరిశీలించి 1886లో ప్రచురించాడు. ఖడ్గమృగం వంటి జంతువులు ఒకప్పుడు ఈ సీమలో తిరిగాయని తెలిసింది ఆ తవ్వకాల వల్లే.

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో నల్లమలలో చాలా భాగం రిజర్వు అడవి అయింది. ఆ దశకంలోనే మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర మండలానికి కన్సర్వేటరుగా పనిచేసిన జె.ఎస్. గాంబుల్ నల్లమల మొక్కలను సేకరించి, తరువాతి కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాతుల మీద పెద్ద గ్రంథం రాశాడు. స్వాతంత్ర్యం వచ్చాక జె.ఎల్. ఎల్లిస్ ప్రత్యేకంగా నల్లమల వృక్షసంపదనే రెండు సంపుటాల్లో (1987, 1990) నమోదు చేశాడు. ఓపికగా చేసిన పని అది. నల్లమలలో మొక్కను గుర్తుపట్టాలనుకునే విద్యార్థికి ఇప్పటికీ అదే ఆధారం.

పక్షుల విషయానికొస్తే, ఆర్థర్ వెర్నే డబ్బు పెట్టగా బాంబే సొసైటీ తూర్పు కనుమల్లో జరిపిన సర్వేలో నల్లమల కూడా ఉంది. ఆ ఫలితాలను హ్యూ విస్లర్, ఎన్.బి. కిన్నియర్ 1930ల నాటి సొసైటీ జర్నల్ సంచికల్లో ధారావాహికగా ప్రచురించారు. అప్పటికి ఇవన్నీ ఇంగ్లీషు చదివినవాళ్ళ మధ్య తిరిగిన కాగితాలే. ఊళ్ళకు చేరిందేమీ లేదు.

రోళ్ళపాడు

నందికొట్కూరుకు దగ్గరలో, మిడుతూరు మండలంలో ఉన్న రోళ్ళపాడు చుట్టూ అప్పట్లో ఎకరాలకొద్దీ గడ్డిబీడు, మధ్యమధ్య జొన్న, కొర్ర, వేరుశనగ చేలు ఉండేవి. బట్టమేక పక్షికి కావలసింది అదే. మీటరు ఎత్తు, మగపక్షి అయితే పదిహేను కిలోల దాకా బరువు తూగే ఈ పక్షి ఎగరగలిగే పక్షుల్లో బాగా బరువైనవాటిలో ఒకటి. చెట్టెక్కదు. నేల మీదే, అదీ సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ గుడ్డు మీద పశువు కాలు పడినా, కుక్క చూసినా ఆ ఏటికి ఆ జంట శ్రమ పోయినట్టే. వానాకాలంలో మగపక్షి మెడ కింది తెల్లటి సంచిని గాలితో నింపుకొని, తోక పైకెత్తి, దూరానికి వినిపించేలా గంభీరంగా కూస్తుంది.

ఈ పక్షి మీద దేశమంతా దృష్టి పడటానికి కారణం రాజస్థాన్. అక్కడి ఎడారిలో బట్టమేకల జాతి పక్షుల వేటకు అరబ్బు దొరలు డేగలతో దిగినప్పుడు 1970ల చివర్లో జనం ఎదురుతిరిగారు. ఆ వేడిలోనే 1980లో జైపూర్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ వెంటనే సాలిం అలీ మార్గదర్శకత్వంలో బాంబే సొసైటీ అంతరించిపోతున్న పక్షుల మీద క్షేత్ర పరిశోధన మొదలుపెట్టి, ఆ బాధ్యతను అసద్ రహ్మానీకి అప్పగించింది. మధ్యప్రదేశ్‌లోని కరేరా, రాజస్థాన్‌లోని థార్ ఎడారితో పాటు ఎంచుకున్న చోట్లలో రోళ్ళపాడు ఒకటి.

రోళ్ళపాడులో మకాం వేసి ఏళ్ళ తరబడి ఆ పక్షిని గమనించినవాడు రంజిత్ మనకడన్. పక్షులు ఎక్కడ మేస్తాయి, ఏ నెలలో గుడ్డు పెడతాయి, ఏ పంటను ఇష్టపడతాయి, పశువులు దగ్గరికొస్తే ఏం చేస్తాయి అన్న ప్రశ్నలకు ఆయన, రహ్మానీ కలిసి రాసిన వ్యాసాలే ఈనాటికీ ప్రమాణం. శీతాకాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు రాత్రిపూట పెద్ద గుంపుగా రోళ్ళపాడు గడ్డిలోనే నిద్రిస్తాయని లోకానికి చెప్పినవారు కూడా వీరే. ఈ గద్దలు పగలంతా చేల మీద తిరిగి మిడతలను, ఎలుకలను తింటాయి. రైతుకు నేరుగా చెప్పదగిన పాఠం ఇది. బట్టమేకను కాపాడితే ఏం లాభం అన్న ప్రశ్నకు మాత్రం అంత తేలికైన జవాబు ఎవరి దగ్గరా లేకపోయింది.

రాష్ట్ర ప్రభుత్వం 1988లో రోళ్ళపాడును వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. పరిసరాల్లోని చేలను, బీళ్ళను లెక్కలోకి తీసుకుంటే పక్షి వాడుకునే నేలలో ఇది చిన్న ముక్క. ఆ ముక్కలో కొన్ని భాగాలకు కంచె వేసి, పశువులను ఆపి, గడ్డి పెంచారు. గడ్డి బాగా పెరిగింది. దానితోపాటు కృష్ణజింకలూ పెరిగాయి. కంచె దాటి రైతుల చేలల్లో పడి మేయడం మొదలయ్యాక, అభయారణ్యం మీద ఊళ్ళలో ఉన్న కాస్త సానుభూతి కరగసాగింది. కరేరా, రోళ్ళపాడుల్లో జింకల వల్ల పంటకు జరిగిన నష్టాన్ని రహ్మానీ, మనకడన్ స్వయంగా లెక్కగట్టి ప్రచురించారు. తమ పక్షి కోసం చేసిన ఏర్పాటు పొరుగువారికి ఎలా భారమయిందో దాచకుండా రాయడం ఆ పరిశోధకుల నిజాయితీకి గుర్తు. ఆనాటి అవగాహన ప్రచారంలో పక్షి గొప్పతనం గురించి చెప్పినంతగా పంట నష్టం గురించి చెప్పలేదు.

రెండో దెబ్బ నీళ్ళు. 1863, 1870 మధ్య మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు–కడప కాలువ అప్పటికే లోయను మాగాణి చేసింది. 20వ శతాబ్దం చివర్లో కొత్త కాలువలు, అలగనూరు జలాశయం వచ్చి రోళ్ళపాడు చుట్టూ మెట్టను కూడా తడిపాయి. జొన్న, కొర్ర పోయి ఏటా రెండు పంటలు, పురుగుమందులు, బోర్లు, కరెంటు తీగలు వచ్చాయి. కరువు సీమకు నీళ్ళు వద్దనే వాడు లేడు, ఉండకూడదు కూడా. బట్టమేకలు మాత్రం పదుల నుంచి ఒకటి రెండుకు తగ్గి, క్రమంగా కనబడటం మానేశాయి. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

కలివికోడి, తెలుగుగంగ

ఆళ్ళగడ్డ నుంచి దక్షిణంగా పోతే బద్వేలు, సిద్ధవటం వైపు ముళ్ళపొదల నేల మొదలవుతుంది. థామస్ జెర్డన్ సేకరించగా 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి ఈ నేలదే. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు.

1985లో బాంబే సొసైటీ తరఫున భరత్ భూషణ్ దాన్ని వెతకడానికి వచ్చాడు. ఆయన నడిపిన పద్ధతి ఈ వ్యాసానికి ముఖ్యం. పుస్తకాల్లో రాసిన చోట్ల కాపలా కాయడం కంటే, పక్షి బొమ్మ చూపించి ఊరూరా అడగడం మీదే ఆయన ఆధారపడ్డాడు. సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె వేటగాడు ఐతన్న ఆ బొమ్మను గుర్తుపట్టి, ఇది రాత్రిపూట తిరిగే పిట్ట అన్నాడు. అంతవరకు నిపుణులు పగలు వెతుకుతూ వచ్చారు. 1986 జనవరిలో ఐతన్న టార్చిలైటు వెలుగులో ఒక పక్షిని ప్రాణాలతో పట్టుకొచ్చాడు. అది ఎక్కువ కాలం బతకలేదు గానీ, 86 ఏళ్ళ తర్వాత జాతి ఉనికి రుజువైంది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏడాది తపాలాశాఖ కలివికోడి బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. నేర్పడానికి వచ్చినవాళ్ళు నేర్చుకొని వెళ్ళిన సందర్భంగా దీన్ని చెప్పుకోవచ్చు. శాస్త్ర వ్యాసాల్లో ఐతన్న పేరు నిలవడం ముచ్చటైన సంగతి.

2000 తర్వాత పి. జగన్నాథన్ ఈ పక్షి మీద లోతైన పరిశోధన చేశాడు. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి తెల్లవారి అడుగుజాడలు చూడటం, కెమెరాలు అమర్చడం, రికార్డు చేసిన కూతను వినిపించి బదులు కోసం ఆగడం ఆయన వాడిన పద్ధతులు. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోటే కలివికోడికి అనుకూలమని తేలింది. పొదలు మరీ ఎక్కువైతే పరుగెత్తలేదు, మరీ తగ్గితే మరుగు ఉండదు. అంటే కొద్దిపాటి మేకల మేత, వంటచెరకు కొట్టడం ఈ పక్షికి అవసరమే కావచ్చు. కాపరులను అడవి నుంచి పూర్తిగా వెళ్ళగొట్టాలనే వాదానికి ఇది అడ్డం తిరిగే ఫలితం.

మద్రాసుకు తాగునీరు, రాయలసీమకు సాగునీరు ఇవ్వడానికి 1983లో మొదలైన తెలుగుగంగ కాలువ వెలుగోడు జలాశయం నుంచి ఆళ్ళగడ్డ మీదుగా బ్రహ్మంగారిమఠం వైపు సాగుతుంది. దాని దిగువ భాగం కలివికోడి తావు మీదుగా పోవలసి వచ్చింది. 2005లో యంత్రాలు అక్కడ మట్టి తవ్వుతుండగా పరిశోధకులు చూసి అధికారులకు తెలిపారు. వ్యవహారం కోర్టు దాకా వెళ్ళి, చివరికి కాలువ దారి మార్చారు. ఒక పిట్ట కోసం కాలువ వంపు తిరగడం రాష్ట్ర నీటిపారుదల చరిత్రలో అరుదు.

బడులు, చట్టం, నల్లమల

పర్యావరణం అన్ని తరగతుల్లో బోధించాలని సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో 1991లో ఆదేశించింది. 2001లో కేంద్రం బడుల్లో పర్యావరణ క్లబ్బుల కోసం నేషనల్ గ్రీన్ కోర్ తెచ్చింది. రాయలసీమలో అంతకుముందే ఈ పని పట్టుదలగా చేసిన చోటు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. అక్కడ ఎస్. రంగస్వామి పిల్లలకు పక్షులను చూడటం నేర్పి, ఇంటి దగ్గరే ఉండి చదువుకోగల పక్షిశాస్త్ర కోర్సు నడిపాడు.

నల్లమలలో పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. నంద్యాల–గిద్దలూరు ఘాటు వైపు అడవితో కూడిన గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడింది. 1990ల్లో వన సంరక్షణ సమితుల పేరుతో ఊళ్ళకు అడవిలో కొంత భాగస్వామ్యం దొరికింది. 2014లో రాష్ట్ర విభజనతో పులుల అడవి కూడా రెండు ముక్కలైంది. 2019లో ఆళ్ళగడ్డ మండలంలో యురేనియం అన్వేషణ కోసం బోర్లు వేయబోగా రైతులు అడ్డుకున్నారు. తాగునీళ్ళు పాడవుతాయన్న భయం ఏ క్లబ్బూ చెప్పకుండానే ఊరూరా పాకింది.

తీరంలో ఇదే పని

కుందూ నీళ్ళు పెన్నలో కలిసి నెల్లూరు తీరంలో సముద్రం చేరతాయి. తీరంలో ఈ రకమైన సంస్థలకు బలం ఎక్కువ. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1990ల చివర్లో గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో అటవీశాఖతో, పల్లె సమితులతో కలిసి మడ అడవులను తిరిగి పెంచింది. చేప వెన్నెముక ఆకారంలో చిన్న కాలువలు తవ్వి, ఉప్పు పేరిన నేలకు పోటునీరు అందించడం అక్కడి కిటుకు. చెన్నైలో సుప్రజ ధారిణి 2002లో స్థాపించిన ట్రీ ఫౌండేషన్ తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో జాలరి యువకులనే తాబేళ్ళ కాపలాదారులుగా తీర్చిదిద్దింది. రోళ్ళపాడు అనుభవమున్న మనకడన్ తరువాత శ్రీహరికోట, పులికాట్ జీవజాతుల మీద పనిచేశాడు. జాలరికి వలకు చిక్కిన తాబేలును వదిలేయడం వల్ల ఆ రోజు వల నష్టం. రోళ్ళపాడు రైతుకు జింక వల్ల ఏడాది పంట నష్టం. రెండుచోట్లా ప్రచారం ఒకే తీరుగా నడిచినా ఫలితం వేరుగా రావడానికి ఈ తేడా ఒక కారణం కావచ్చు.

ఇటీవల

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లా విడిగా ఏర్పడటంతో రోళ్ళపాడు, వెలుగోడు, ఆళ్ళగడ్డ, బిల్లసర్గం ఆ కొత్త జిల్లా కిందికి వచ్చాయి. నల్లమలలో అడవి కాపలా పని చాలావరకు చెంచుల చేతుల మీదుగా నడుస్తోంది. నంద్యాల–గిద్దలూరు దారిలోని పచ్చర్లలో, ఆత్మకూరు వైపున్న బైర్లూటిలో అటవీశాఖ నడిపే విడిది శిబిరాల్లో సందర్శకులకు దారి చూపి, పులి అడుగును, ఎలుగు గోరుగీతను గుర్తుపట్టి చెప్పేది వారే.