రిపోర్టు రాని రక్తం

ముంబై కామాఠిపురాలో జబ్బు చేసిన తెలుగు మనిషికి దగ్గరి పెద్దాసుపత్రులు జె.జె., నాయర్. పరేల్, వర్లీ చాళ్లవాళ్లకు కె.ఇ.ఎం. మూడూ మెడికల్ కాలేజీల ఆసుపత్రులే. వైద్యమూ పరిశోధనా ఒకే కప్పు కింద నడుస్తాయి. సూది గుచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు తన రక్తం ఏ పనికి పోతోందో రోగికి ఎలా తెలుస్తుంది?

ఈ గందరగోళాన్ని 1982లో అమెరికాలో పాల్ అపెల్‌బామ్, లోరెన్ రోత్, చార్లెస్ లిడ్జ్ చర్చకు తెచ్చారు. మానసిక వైద్య పరిశోధనల్లో చేరినవాళ్లు అక్కడి ప్రతి నిర్ణయమూ తమ మేలు కోసమేనని నమ్మడం వాళ్లు గమనించారు. ఆ పరిశీలనను రక్త నమూనాలకు యథాతథంగా అన్వయించలేం. కానీ కామాఠిపురాకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది: హెచ్‌ఐవీ నిఘా సర్వే.

1998 నుంచి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఈ సర్వేను దేశమంతటా నడుపుతోంది. అందులో చాలాకాలం వాడిన పద్ధతి ఇది. గర్భిణికి సిఫిలిస్ పరీక్ష కోసం మామూలుగా రక్తం తీస్తారు. ఆ పరీక్ష అయ్యాక మిగిలిన సీరాన్ని వేరే సీసాలో పోసి పేరు తీసేస్తారు. వయసు, చదువు, వృత్తి, భర్త వృత్తి, నివాసం వంటి వివరాలే ఉంటాయి. మూడు నెలల్లో ఒక్కో క్లినిక్ నుంచి 400 నమూనాలు. పాజిటివ్ వచ్చినా అది ఎవరిదో ల్యాబుకు తెలియదు, తెలియకూడదు కూడా. దీనికి గట్టి కారణమే ఉంది. ముందే అడిగితే భయపడినవాళ్లు తప్పుకుంటారు, అప్పుడు జబ్బు ఎంతమందిలో ఉందన్న లెక్క తప్పుతుంది. పేరు బయటపడితే ఆ మనిషి బతుకు ఏమవుతుందో 1990ల ముంబైలో వేరే చెప్పనక్కర్లేదు.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటి. రక్తం తీసుకున్నారు, ఎవరూ పిలవలేదు, కాబట్టి నాకేమీ లేదు అని ఆ గర్భిణి అనుకోవచ్చు. రాని రిపోర్టు మంచి రిపోర్టుగా చెలామణి అవుతుంది. అందరూ అలాగే అనుకున్నారని తేల్చి చెప్పలేం, అలా అనుకునే వీలు ఆ ఏర్పాటులోనే ఉందని మాత్రం అనగలం. పైగా దీన్ని రోగుల అమాయకత్వం కింద జమకట్టడం అన్యాయం. 1896లో ప్లేగు వచ్చినప్పుడు ఇదే నగరంలో, ఆసుపత్రిలో చేర్చుకుని చంపేస్తారన్న పుకారు పాకింది. అక్టోబరులో మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద దాడి చేశారు. లోపల ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు లేనప్పుడు జనం తమకు తోచిన అర్థం తీసుకుంటారు.

చికిత్స లేని రోజుల్లో ఫలితం చెప్పకపోవడాన్ని కొంతవరకు సమర్థించవచ్చు. జిడోవుడిన్ మందుతో తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకడం సుమారు మూడింట రెండు వంతులు తగ్గుతుందని 1994లో తేలింది. మరుసటి ఏడే అమెరికా, నవజాత శిశువుల రక్తంతో పేర్లు లేకుండా చేస్తున్న ఇలాంటి సర్వేను ఆపేసింది. మన ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న హెచ్‌ఐవీ మందులు (ఏఆర్‌టీ) ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి కేంద్రాల్లో జె.జె. ఒకటి. మందు నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతున్నప్పుడు ఫలితం అందని పరీక్షకు పాత సమర్థన చాలదని నా అభిప్రాయం.

2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది. పేర్లు లేని సర్వేకు సమ్మతి అక్కర్లేదంటూనే, అది ఎందుకు చేస్తున్నారో సంబంధితులకు చెప్పాలని షరతు పెట్టింది. ఆ చెప్పడం గోడ మీది నోటీసుతో తీరేది కాదు. చాళ్లలోని తెలుగువాళ్లలో మరాఠీ, హిందీ వచ్చినవాళ్లు కూడా ఇంట్లో మాట్లాడుకునేది చాలావరకు తెలుగే. రక్తం తీసే టేబుల్ దగ్గరే ఎవరో ఒకరు ఆ భాషలో చెప్పాలి: “మిగిలిన రక్తం పేరు లేకుండా సర్వేకు పోతది. దాని రిపోర్టు మీకు రాదు. మీ సంగతి తెలుసుకోవాలంటే హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐ.సి.టి.సి.లో విడిగా పరీక్ష చేయించుకోవాలె, పైసలు పడవు.” చెప్పాక ఆమెనే అడగాలి, సర్వే రిపోర్టు మీకొస్తదా అని. వస్తదంటే మళ్లీ మొదటినుంచి చెప్పాలి.