చిలుక పెట్టిన ముద్ద

ఆత్మకూరు (ఎస్) గ్రామమున మా కెఱుకైన యొక ఇంట, చాల ఏండ్ల క్రిందట, వసారా దూలమునకు వ్రేలాడు పంజరములో ఒక రామచిలుక యుండెడిది. ఆ ఇంటి కొడుకు దగ్గఱకు పోగానే అది మెడ సాచి, తలను పైకి క్రిందికి ఊపి, తాను తిన్న జొన్నలను మెత్తని ముద్దగా వెడలించి అతని వ్రేళ్ళమీద పెట్టెడిది. ఇతరులెవరైన చేయి చాచినచో కఱచెడిది. ఇంటి అవ్వ “పిట్టకు దిష్టి తగిలింది బిడ్డా” అని ఉప్పు దిగదుడిచి పొయ్యిలో వేసినది. కొడుకు అజీర్తి యనుకొని జొన్నలు మాన్పి జామపండు పెట్టినాడు. ఇరువురును పొరబడిరని మాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

పక్షులను పెంచుట మన ప్రాంతమున నిన్న మొన్నటి ముచ్చట కాదు. తెలంగాణమున పెక్కు భాగములు కల్యాణి చాళుక్యుల యేలుబడిలో నున్న కాలమున, 12వ శతాబ్ది పూర్వార్ధమందు, మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసము’ను రచించెను. అందు డేగలు, కోళ్ళు, లావుక పిట్టలు, పావురములు రాజుల వినోదములుగా వర్ణింపబడినవి. ఆ రాజునకు కావలసినది వేట, పందెము. మన కవులకు కావలసినది చిలుక పలుకు. అమరుకుని శ్లోకములకు ‘శృంగారదీపిక’ యను వ్యాఖ్య వ్రాసినవాడు కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి. ఆ అమరుకుని యొక శ్లోకములో, రాత్రి విన్న ఏకాంతపు మాటలను చిలుక తెల్లవాఱి పెద్దలయెదుట వల్లించుచుండగా, సిగ్గుపడిన కోడలు చెవికమ్మ కెంపును దానిమ్మగింజ యనిపించి దాని నోట పెట్టి మాట మాన్పును. గోలకొండలో అబ్దుల్లా కుతుబ్ షా కొలువునందలి గవ్వాసి 1639లో దక్కనీ భాషలో ‘తూతీనామా’ వ్రాసెను. తెలుగులో కదిరీపతి ‘శుకసప్తతి’ యుండనే యున్నది. ఈ రెంట కథలు చెప్పి ఇల్లాలిని గడప దాటనీయని పండితుడు చిలుకయే. వీటన్నిటిలోను మేత మనిషి చేతినుండి పక్షి నోటికే పోవును. చిలుక మనకు మాట మాత్రమే ఈయగలదని పెద్దలు తలచిరి కాబోలు.

పక్షిని పక్షిగా చూచినవారిలో మొగలు చక్రవర్తి జహంగీరును తప్పక చెప్పుకొనవలెను. అతడు పెంచిన బెగ్గురుకొంగల జంటకు లైలా మజ్నూ లని పేర్లు. అవి జతకూడుట, గ్రుడ్లు పెట్టుట, ఆలుమగలు వంతులవారీగా పొదుగుట, పిల్లలను సాకుట ఇవన్నియు తన స్వీయచరిత్రలో ఓపికగా వ్రాసికొనినాడు. అంత తీరికతో పక్షిగూటిని చూచిన పాలకులు చరిత్రలో అరుదు. కాని లైలాకు మజ్నూ యుండెను. ఆత్మకూరు చిలుకకు ఎవరున్నారు?

ఈ ప్రశ్నకు సమాధానము 20వ శతాబ్దిలో దొరకినది. జతకట్టు ఋతువున మగపక్షి ఆడుదానికి మేత అందించు ఆచారమును గూర్చి ఆంగ్ల శాస్త్రజ్ఞుడు డేవిడ్ లాక్ 1940లో ఒక వ్యాసము ప్రకటించెను. మన రామచిలుకలలో నిది స్పష్టముగా కానవచ్చును. చెట్టుతొఱ్ఱలో పెట్ట గ్రుడ్లు పొదుగుచుండగా పోతు మేతకు తిరిగి, మెడ అడుగుననున్న సంచిలో గింజలను నానబెట్టి తెచ్చి, దాని నోట పెట్టును. కాపురమునకు ముందే ఈ ముద్దలు పెట్టుట ఆరంభమగును. పెట్టగలిగినవాడే పెనిమిటి యన్నమాట!

మఱి మనిషి చేతిలో ఏల పెట్టవలెను? ఆస్ట్రియా దేశమున ఆల్టెన్‌బెర్గ్ గ్రామవాసియైన కొన్రాడ్ లోరెంజ్ 1935లో ప్రకటించిన దీర్ఘవ్యాసములో దీనికి దారి చూపెను. కొన్ని పక్షులు పసితనమున తమను సాకినవారినే తమ జాతిగా గుర్తించును; ఆ ముద్ర పెద్దయైన పిమ్మటను చెఱగక పోవచ్చును. అతడు చేతితో పెంచిన కాకిజాతి మగపక్షి యొకటి అతనినే తన జతగా నెంచి, పురుగులను మెత్తగా నలిపి అతని నోట పెట్టజూచెడిదట. అతడు నోరు మూసికొనగా ఆ పురుగుల ముద్దను చెవిలో కూరెడిదట! 1973లో నోబెల్ బహుమతిని పంచుకొన్న మువ్వురిలో ఇతడొకడు. చెవి కడుగుకొనుచు నేర్చిన శాస్త్రము!

ఆత్మకూరు చిలుకను కన్నులు తెఱవని కూనగా తాటిమోడు తొఱ్ఱనుండి తీసి, నానిన శనగపిండి పెట్టి సాకినవాడు ఆ ఇంటి కొడుకే. మూడవ యేట దాని మెడచుట్టు గులాబిపట్టె వచ్చెను. అది పోతు అనుటకు గుర్తు. ఇక ఆ ముద్ద దిష్టియు కాదు, అజీర్తియు కాదు. ఇతరులను కఱచుట తన జతను కాచుకొనుట. నిజముగ జబ్బుచేసి కక్కు పక్షి తల విదిలించి చుట్టును చిమ్మును. మొగముమీది ఈకలు జిగటతో అంటుకొనును. ఉబ్బి మూలకు ముడుచుకొనును. అట్టిదానిని పశువైద్యునికి చూపవలెను. ముద్ద పెట్టునది చుఱుకుగా నుండి, తనకు కావలసినవారికే పెట్టును. అట్టిదాని వీపు నిమురరాదు. తల దువ్వినచో చాలును. వీపుమీది చేయి దానికి వేఱొక మాట చెప్పును.

స్వదేశపు చిలుకలను పట్టుటయు పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నేరమని పాఠకు లెఱుగుదురు. ఇప్పుడు ఇండ్లలో నుండదగినవి విదేశజాతులే. అంతకు చాల ముందే మనవారొక కథ చెప్పుకొనిరి. భద్రాచల రామదాసు పూర్వజన్మమున ఒక చిలుకను పండ్రెండేండ్లు పంజరమున నుంచెనట. అందుచేతనే తానీషా కాలమున గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు గడపవలసి వచ్చెనట. ఆత్మకూరు అవ్వకును ఆ కథ వచ్చును. చెప్పుచునే పంజరములో పచ్చిమిరపకాయ పెట్టెడిది.

కొడుకు చదువునకై సూర్యాపేట చేరినప్పుడు ఆ చిలుక మూడు దినములు మేత ముట్టలేదు; రొమ్ముమీది ఈకలు పీకుకొనెను. తోడుగా నుండునని ఇంటివారు పంజరములో చిన్న అద్దము కట్టిరి. మఱునాటినుండి అది అద్దమునకు ముద్దలు పెట్టసాగెను. ఎండి అంటుకొనిన జొన్నలను అవ్వ ప్రతి ఉదయము గోటితో గీకి తీసెడిది.