మాట లేని వీణ పాట



సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, రెండు పిళ్ళారి గీతాలు, మహా అయితే ఒక వర్ణం. మనలో చాలామంది సంగీతం అక్కడే ఆగిపోయింది. ఆపైన పెళ్ళి, ఆపైన కాపురం. పుట్టింటి వీణ గలీబు తొడుక్కుని బీరువా పక్కన నిలబడిపోయింది. ఆ సరళీస్వరాలంటే ఆ వయసులో మనకెంత విసుగో గుర్తుందా? మాయామాళవగౌళలో పైకెక్కడం, కిందికి దిగడం, అదే మళ్ళీ రెండో కాలం, మూడో కాలం. ‘ఇదేం పాటమ్మా, మాటా లేదు, దేవుడి పేరూ లేదు’ అని అమ్మతో పేచీ పెట్టిన పిల్లలు ఒక్కరేమిటి! ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ మాట లేని సంగీతం గురించే. అది పాటకు తోకగా కాకుండా తనంత తానుగా కచేరీలో కూర్చున్న ముచ్చట ఒకటుంది. అందులో పెద్ద వాటా మన తెలుగువాళ్ళదే.

ముందు కాస్త దూరదేశం వెళ్ళివద్దాం. పియానో నేర్చుకునే పిల్లలకు మన సరళీవరుసల్లాంటి పాఠాలు ఐరోపాలోనూ ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు వాటిని ఎట్యూడ్ అంటారు. అంటే అభ్యాసం అనే. ఈ వేలికి బలం రావాలి, ఆ వేలు తడబడకూడదు, అంతే వాటి పని. పోలెండు నుంచి పారిస్ వచ్చి స్థిరపడిన షోపెన్ 1833లో పన్నెండు, 1837లో మరో పన్నెండు అభ్యాసాలు అచ్చు వేయించాడు. అవి వేళ్ళకు పాఠాలూ అయ్యాయి, నిండు సభలో వినదగిన సంగీతమూ అయ్యాయి. పప్పుకు పెట్టిన పోపు వాసనే వీధిలో వాళ్ళను ఆపేసినట్టన్నమాట.

మన కాలంలో ఆ దారి పట్టిన పెద్దమనిషి అమెరికాలో ఫిలిప్ గ్లాస్. 1937లో పుట్టాడు. సంగీతంతో పొట్ట గడవక టాక్సీ నడిపాడు, కుళాయిలు బిగించే పని చేశాడు. 1960ల నడిమిలో పారిస్‌లో చదువుకుంటూ ఉండగా మన రవిశంకర్‌గారు ఒక సినిమాకు సంగీతం కడుతున్నారు. అక్కడి వాద్యగాళ్ళకు అర్థమయ్యేలా దాన్ని వాళ్ళ లిపిలో రాసిపెట్టే పని గ్లాస్‌కు పడింది. రాసిన ప్రతిసారీ తాళం కుదరలేదట. తాళాన్ని ముక్కలుగా కోసి గీతలు గీయడం వాళ్ళ అలవాటు. మనది చిన్న చిన్న లెక్కలు ఒకదానికొకటి చేర్చుకుంటూ పోయే పద్ధతి. ఆ కిటుకు తబలా అల్లారఖాగారి దగ్గర ఆయన పట్టుకున్నాడు. తరువాత ఆయన కట్టిన సంగీతమంతా అలాంటిదే. చిన్న స్వరాల గుత్తి ఒకటి తీసుకుంటాడు, తిప్పి తిప్పి వాయిస్తాడు, ఒక్క స్వరం కలుపుతాడు, మళ్ళీ తిప్పుతాడు. మన గాంధీగారి మీద 1980లో ఆయన సంగీత నాటకం ఒకటి వచ్చింది. పేరు సత్యాగ్రహ, పాడేది భగవద్గీత శ్లోకాలు, అదీ సంస్కృతంలోనే.

ఆ గ్లాస్ యాభయ్యేళ్ళు దాటాక తన వేళ్ళు బాగుపడాలని తనకోసం తానే అభ్యాసాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళలో ఇరవై అయ్యాయి. 2012కు పూర్తి చేశాడు. తాను రాసుకున్న పాఠాన్ని తానే సభలో ఒంటరిగా కూర్చుని వాయించాడు. ఆ వయసులో ఆ పని చేయడం నాకు మహా ఇష్టంగా అనిపిస్తుంది. అయితే ఒక మాట. వరసగా నాలుగు వింటే నాకు మన అలంకారాలే గుర్తొచ్చాయి, కాస్త కునుకూ వచ్చింది. ఇష్టపడేవాళ్ళు కోప్పడకండి.

ఇక మన ఇంటికి వద్దాం. కర్ణాటక సంగీతంలో వీణకు గౌరవానికి లోటు లేదు. సరస్వతి చేతిలోనే ఉందాయె. కానీ వీణ వాయించేది ఏమిటని అడిగితే, గొంతుతో పాడేవాళ్ళ కృతులే. త్యాగరాజస్వామి కీర్తన సాహిత్యంలో ఏ అక్షరం ఎక్కడ పడుతుందో అక్కడే వీణ మీద మీటు పడాలి. వింటున్నవారు లోలోపల మాటలు పాడుకుంటారు. ఇది గొప్ప విద్యే, కాదనను. తానం ఒక్కటే వీణ సొంత సొత్తనిపించేది. విజయనగరంలో వీణ వెంకటరమణదాసుగారు, పిఠాపురంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారు రాజాస్థానాల్లో ఆ సంప్రదాయాన్ని నిలబెట్టారు. బొబ్బిలి వైపు సర్వసిద్ధివారు పనస మొద్దును తొలిచి ఏకాండంగా వీణలు చేస్తూ వచ్చారు. అయినా వీణ కోసమే, మాటలే లేకుండా, ఒక మనిషి రచన చేసి తానే వాయించడమనేది అరుదుగానే ఉండేది.

ఆ పని గట్టిగా చేసినవారు ఈమని శంకరశాస్త్రిగారు. 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రిగారే గురువు. శంకరశాస్త్రిగారు మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశారు, 1959లో మద్రాసు ఆకాశవాణిలో చేరారు, ఆ తరువాత ఢిల్లీ వెళ్ళి వాద్యబృందాన్ని నడిపించారు. పది రకాల వాద్యాలను ఒక్కచోట కూర్చోబెట్టి గంటల తరబడి సాహిత్యం లేని సంగీతం కట్టవలసిన ఉద్యోగం అది. సినిమా స్టూడియో, రేడియో స్టూడియో రెండూ ఆయనకు పనికొచ్చాయని నా నమ్మకం. ఆయన రచనల పేర్లు చూడండి: భ్రమర విన్యాసం, ఆదర్శ శిఖరారోహణం. తుమ్మెద తిరుగుడు, శిఖరం మీదికి ఎక్కడం. కీర్తన కాదు, ఇష్టదైవం పేరు లేదు, ముద్ర లేదు. బొమ్మ గీసినట్టు వీణతో చూపడమే. 1974లో పద్మశ్రీ వచ్చింది. 1987 డిసెంబరులో వెళ్ళిపోయారు.

ఆయన శిష్యుడే చిట్టిబాబుగారు. 1936లో కాకినాడలో పుట్టారు, ఇంట్లో పెట్టిన పేరు హనుమాన్లు. అయిదేళ్ళ పిల్లవాడు తండ్రి వీణలో తప్పు స్వరం పడగానే సరిచేశాడని చెప్పుకుంటారు. పండ్రవాడ ఉప్పలయ్యగారి దగ్గర, ఇయ్యుణ్ణి అప్పలాచార్యులుగారి దగ్గర నేర్చి, ఆనక ఈమనివారి దగ్గర చేరారు. సినిమాలకు వీణ వాయించారు. మన నెల్లూరు జిల్లా బిడ్డ సింగీతం శ్రీనివాసరావుగారు రాజాజీ కథతో 1974లో తీసిన తమిళ సినిమా ‘దిక్కట్ర పార్వతి’కి సంగీతం చిట్టిబాబుగారిదే. తాగుడుతో చితికిపోయిన కాపురం కథ అది. 1992లో సారా మీద కొంగు బిగించిన దూబగుంట ఆడవాళ్ళ జిల్లా మనది, అందుకని ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

చిట్టిబాబుగారిని మన ఇళ్ళలోకి తెచ్చింది మాత్రం ‘కొమ్మలో కోయిల’. ఆయన సొంత రచన. సభల్లో చివరికొచ్చేసరికి కోయిల, కోయిల అని జనం అడిగేవాళ్ళు. ఆ కిటుకేమిటో వంటింటి భాషలో చెబుతాను. పియానోలో ఒక మెట్టు నొక్కితే ఒకే స్వరం, దాని పక్కది ఇంకో స్వరం, నడుమ దారి లేదు. వీణకు మైనంలో అతికిన ఇరవైనాలుగు మెట్లు, నాలుగు వాయించే తీగెలు, పక్కన తాళానికి మూడు. ఒక మెట్టు మీద తీగెను నొక్కి పక్కకు లాగారనుకోండి, స్వరం పైకి జారుతుంది. ఒక్క మీటుతో మూడు నాలుగు స్వరాలు పలికించవచ్చు. కోయిల కూత వినండి, కిందనుంచి పైకి జారుతుంది, మళ్ళీ కూసినప్పుడు ఇంకాస్త పైనుంచి ఎత్తుకుంటుంది. అది గొంతుకన్నా తీగెకు దగ్గర. అందుకే ఆ రచన వీణ మీదే పుట్టవలసింది, పాడితే రాదు.

ఇదంతా శాస్త్రమా, గారడీయా అన్న పెద్దలూ ఉన్నారు. సాహిత్యం లేనిది, భక్తి లేనిది కచేరీలో ఎందుకని వాళ్ళ వాదన. వాళ్ళను తీసిపారేయకూడదు. వీణ పిట్టలాగా, గంటలాగా మోగడమే గొప్పనుకుంటే రేపు తోడి రాగం అడిగేవాడెవడు? కానీ చిట్టిబాబుగారు తోడీ వాయించారు, కృతులూ వాయించారు. కోయిల కోసం వచ్చి కూర్చున్న వాళ్ళకు ముందు రెండు గంటలు త్యాగరాజస్వామిని వినిపించారు. ఈ లెక్కన ఎవరు ఎవరికి మేలు చేశారో మీరే ఆలోచించండి. నా ఓటు మాత్రం కోయిలకే. మాటల తోడు లేకుండా తీగె ఒక్కటే మన కళ్ళు చెమర్చేలా చేసిందంటే ఆ విద్య ఇంకొకరి నీడన లేదన్నమాట. ఆడవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాలా!

చిట్టిబాబుగారు 1996 ఫిబ్రవరి 9న పోయారు. అరవై నిండలేదు. ఈమనివారివీ ఆయనవీ రికార్డులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి, పిల్లలను అడిగితే పెట్టి ఇస్తారు.

చివరగా, మా కృష్ణపట్నం అక్కయ్యలు ఒకరిద్దరు అడిగిన దానికి జవాబు. రేవు ఊరు కదా, కండలేరు మీదుగా వచ్చే ఉప్పుగాలికి ఉక్కు తీగెలు నాలుగు నెలలకే తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి గలీబు తొడగండి. ఎండాకాలం మెట్ల మైనం మెత్తబడి స్వరం తప్పుతుంది. వీణను పెంకుటింటి వేడికి, కిటికీ ఎండకు దూరంగా పెట్టండి. మెట్లు కదిలితే మీరు గుచ్చవద్దు, మేళం కట్టడం తెలిసినవారి చేతికే ఇవ్వండి. తీగెలు మార్చాక మొదటి వారం సరళీస్వరాలే వాయించండి, కొత్త తీగె సాగుతుంది, శ్రుతి నిలవదు.