కొలువు కోరిన జాబు

రాజులు వేయించిన శాసనములు రాతిమీద నిలిచినవి. కొలువు కోరి సామాన్యుడు వ్రాసిన జాబులు మాత్రము కచేరీ కట్టలలో చాలవఱకు చెదల పాలైనవి. అయినను ఒక సీమలో ప్రజల బ్రతుకుతెరువు ఎట్లు మారుచు వచ్చినదో తెలియవలెనన్న ఆ జాబులనే చదువవలెను. కర్నూలు, కడప మండలముల వంటి మెట్ట సీమలో ఈ మాట మఱింత నిజము. ఇచట వాన తప్పిన యేట పొలము కూడు పెట్టదు. 1876-78 నాటి ధాతు కరవు ఆ సంగతిని మఱువరాని విధమున నేర్పిపోయెను. ఇట్టి సీమలో నెలజీతమనగా ఒక్కని సంపాదన మాత్రమే కాదు, ఇంటిల్లిపాదికిని ధైర్యము.

పూర్వము గ్రామములో కరణీకము వంశపారంపర్యముగా వచ్చుచుండెను. కరణము కొడుకునకు పుట్టుకయే యోగ్యతాపత్రము. ఆంధ్రప్రదేశములో ఆ పద్ధతి 1984లో రద్దయినది. పుట్టుక వలన కొలువు దొరకనివానికే జాబు కావలసివచ్చెను. కావున ఉద్యోగలేఖ చరిత్ర యనగా వంశమును చూపలేక పనిని చూపవలసి వచ్చినవారి చరిత్రయే యని మా యభిప్రాయము.

1800లో నైజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీ వారికి దత్తము చేసెను. థామస్ మన్రో 1807 వఱకు ఇచట ప్రధాన కలెక్టరుగా నుండెను. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబుల యేలుబడిలో నిలిచెను. దత్తమండలములలో కచేరీలు పెరిగినకొలది గుమాస్తాలు, మున్షీలు, శిరస్తదారులు కావలసివచ్చిరి. వారితోపాటు అర్జీయు పెరిగెను. ఆ యర్జీకి ఒక మూస కలదు. మొదట దొరవారి బిరుదులు, పిదప సలాములు, అటుపై తన పేదఱికము, పెద్ద సంసారము, తుదకు దయ చిత్తగింపుమను వేడికోలు. అడుగువాడు ఏ పని చేయగలడో ఆ నడుమ నెక్కడనో అణగియుండును. ఇది అతని తప్పు కాదు. దయ యొక్కటే తలుపు తెఱచు కాలమున దయనే యడుగవలెను గదా.

1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఇట్టి వ్రాతల విలువ నెఱిగినవాడు. వేమన పద్యములను, ప్రబంధములను సేకరించి, పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించిన యాతడు వ్యవహారపు జాబులను చిన్నచూపు చూడలేదు. 1852 ప్రాంతమున వెలువడిన ఆతని తెలుగు వాచకములో ఇంటి జాబులు, వ్యాపారపు జాబులు, పోలీసు వ్యవహారములు, రెవిన్యూ వ్యవహారములు చోటుచేసికొన్నవి. దేశమును ఏలవచ్చినవాడు కావ్యభాషతోపాటు జనుల జాబుల భాషయు నేర్వవలెనన్న తలంపు అందు స్పష్టముగా కనుపించును.

అయితే, యోగ్యుడు వ్రాసిన జాబును చదువువాడు ముందే తీర్పు చేసికొనియున్నచో గతి యేమి? దీనికి కావలి వేంకట లక్ష్మయ్య చరిత్రము ఉదాహరణము. ఈయన ఏలూరు వాడు. అన్నగారైన బొఱ్ఱయ్య 1803లో మరణించిన తరువాత, కర్నల్ కాలిన్ మెకంజీ వద్ద దేశచరిత్ర సేకరణమునకు ముఖ్యసహాయకుడై పనిచేసెను. నేడు కడపలో బ్రౌను గ్రంథాలయము వారు సంపుటములుగా ప్రకటించిన కడప జిల్లా కైఫీయత్తులు ఆ సేకరణములోనివే. 1821లో మెకంజీ మరణించెను. సగములో నిలిచిన పనిని తనకప్పగింపుడని లక్ష్మయ్య కోరెను. ఆ కోరిక కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ విచారణకు వచ్చెను. అప్పుడు జేమ్స్ ప్రిన్సెప్ దానికి కార్యదర్శి. ఇంతటి పనిని నడుపుటకు విషయములను సమన్వయించు ప్రజ్ఞ కావలెననియు, లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయునకును అది చాలదనియు 1836లో తేల్చిరి. తరువాత ఆ వ్రాతప్రతుల పరిశీలనము విలియం టేలరు అను మతాచార్యునకు దక్కెను. లక్ష్మయ్య వెనుక ఏండ్ల తరబడి చేసిన పని కలదు. లోపము జాబులో లేదు. చదివిన కంటిలో నుండెను.

దీనికి డెబ్బదియాఱేండ్ల తరువాత, కర్నూలు, కడపలు చేరియున్న మద్రాసు రాజధానిలోనే మఱియొక జాబు వ్రాయబడెను. 1912 ఫిబ్రవరి 9న శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టుట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పంపెను. ఆ జాబు మిక్కిలి చిన్నది. ఖాళీ యున్నదని తెలిసినదనెను. మెట్రిక్యులేషను గెలిచితిననియు, ఎఫ్.ఏ. వఱకు చదివి ఆపవలసి వచ్చినదనియు దాపఱికము లేక చెప్పెను. అటుపై తన కాలమంతయు గణితమునకే వినియోగించుచున్నాననియు, ఈ పనికి న్యాయము చేయగలననియు వ్రాసెను. ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడొకరి సిఫారసు జతపఱచెను. మార్చి 1న ముప్పది రూపాయల జీతముపై చేరెను. లోకమెఱిగిన గణితజ్ఞుడైనను అచట అడిగినది గుమాస్తా పనినే. ఆ పనికి తగినంతయే చెప్పెను.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యైనపుడు కొన్ని కార్యాలయములు డేరాలలో నడచెను. సర్కారు కొలువుకు క్రమముగా అచ్చు ఫారములు, పరీక్షలు ముఖ్యమైనవి, జాబు వెనుకబడెను. నేడు ప్రయివేటు కంపెనీలు ఉద్యోగమునకును, విద్యార్థుల ఇంటర్న్‌షిప్‌నకును మరల జాబు కోరుచున్నవి. కాని మన పిల్లలు పలువురు కొత్త భాషలో పాత యర్జీనే వ్రాయుచున్నారు. బిరుదులకు మాఱుగా కంపెనీ పొగడ్త. దైన్యమునకు మాఱుగా తాము కష్టజీవులమను మాట.

ఈ చరిత్రము నుండి మేము గ్రహించినది స్వల్పము. ఏ పని కోరుచున్నదియు మొదటి వాక్యముననే తెలుపవలెను. గుణములు వర్ణింపక పని చూపవలెను. "నేను శ్రద్ధ గలవాడను" అనుటకంటె, "బేతంచెర్లలో నాపరాళ్ల వ్యాపారి యొద్ద రెండు వేసవులు చిట్టా వ్రాసితిని, నెలనెలా సరకు లెక్క సరిచూచితిని" అనుట మేలు. ఆ పని కోరిన కొలువునకు ఎట్లు అక్కఱకు వచ్చునో ఇంకొక వాక్యమున కలుపవలెను. చదువు నడుమ ఆగినయెడల రామానుజన్ వలె ఒక్క ముక్కలో చెప్పి ముందుకు సాగవలెను. ఒకే జాబును పదిచోట్లకు పంపరాదు. అంతయు ఒక్క పుటకు మించరాదు.

చదువువారికిని ఒక ధర్మము కలదు. వ్రాసినవాని ఊరు, కులము, ఇంగ్లీషు యాస చూడక చేసిన పనిని చూడవలెను. 1836లో ఆ ధర్మము తప్పినందున లక్ష్మయ్యకు కొలువు దక్కలేదు. ఆయన సేకరించినదానిని ఆయనచేతనే చదివించుకొను భాగ్యము మనకు లేకపోయెను.