బటన్‌కి పేరు లేకపోతే పాట ఆగుతుంది
రాయదుర్గం మెట్రోలో దిగితే చుట్టూ సాఫ్ట్‌వేరే. మరి చూపులేని సంగీతకారులకి ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేసింది?

1919లో, చూపు బాగా మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు. వయొలిన్‌కి స్క్రీన్ లేదు కదా! రికార్డింగ్ కంప్యూటర్‌లోకి వచ్చాకే చిక్కొచ్చింది. ఫేడర్లు, బటన్లు అన్నీ బొమ్మలే. పేరు రాయని బటన్‌ని స్క్రీన్ రీడర్ చదవలేదు.

దారి వేసింది చూపులేనివాళ్లే. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ మొదలుపెట్టారు. స్నేహితుడు జేమ్స్ టే తోడయ్యారు. తర్వాత టే, రీపర్ కోసం ‘ఒసారా’ రాశారు. ఏ ట్రాక్‌లో ఉన్నామో, అది మ్యూట్‌లో ఉందో లేదో అదే పలికిస్తుంది. మౌస్‌తో పనిలేదు, కీబోర్డు చాలు.

నేననేది ఒక్కటే. ఇక్కడ కోడ్ రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ప్రతి బటన్‌కీ పేరు పెట్టండి. ఆ ఒక్క లైను రాయకపోతే ఒకరి పాటే కాదు, బతుకుతెరువూ ఆగిపోతుంది.