కవ్వాల్ అడవిదున్నలు

గోదావరికి ఎడమ ఒడ్డున, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా టేకు అడవుల్లో ఇంకా బతికి ఉన్న అడవిదున్నల మందలు ఇవి. వీటి ఆవాసం కవ్వాల్ పులుల అభయారణ్యం. 1965లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా మొదలైన ఈ అడవి 2012 ఏప్రిల్‌లో పులుల అభయారణ్యమైంది. కోర్ ప్రాంతం సుమారు 893 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఉన్న బఫర్‌ను కలుపుకుంటే 2,015. జిల్లాల విభజన తర్వాత ఈ అడవి మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోకి పోయింది.

ఈ అడవికి వెళ్లడానికి సుల్తానాబాద్‌లో రాజీవ్ రహదారి ఎక్కితే చాలా దూరం దారికి రెండు వైపులా వరి పొలాలు, రైస్ మిల్లులే. పెద్దపల్లి దాటి, రామగుండం పొగగొట్టాలు దాటి, గోదావరి వంతెన మీదుగా మంచిర్యాల చేరి, అక్కడ పడమటికి మళ్లి లక్షెట్టిపేట మీదుగా జన్నారం దారి పట్టాలి. పొద్దున బయల్దేరినవాళ్లు మధ్యాహ్నానికల్లా టేకు నీడలో ఉంటారు. ఇంత దగ్గరలో టన్ను బరువు తూగే అడవి పశువు తిరుగుతోందని ఈ పొలాల మధ్య బతికేవారిలో చాలామందికి తెలియదు. పులి కనబడితే పత్రికల్లో మొదటి పేజీ వార్త అవుతుంది. అడవిదున్న సంగతి ఎప్పుడో జిల్లా పేజీలో ఒక మూలన వస్తుంది.

పేరు, రూపం

అడవిదున్న శాస్త్రీయ నామం బాస్ గారస్. 1827లో హామిల్టన్ స్మిత్ పెట్టిన పేరిది. హిందీలో గౌర్ అంటారు. తెల్లదొరల కాలం వేటగాళ్లు ఇండియన్ బైసన్ అన్నారు, అటవీశాఖ సిబ్బంది నోట ఇప్పటికీ 'బైసన్' అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. నిజానికి ఇది అమెరికా, ఐరోపా బైసన్ల కోవకు చెందింది కాదు. మన ఆవులు, ఎద్దుల కుటుంబానికే దగ్గర. ఈశాన్య రాష్ట్రాల్లో పెంచే మిథున్ దీని మచ్చికైన రూపమని చెబుతారు.

తెలుగు పేరు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. దున్న అనగానే ఎవరికైనా బర్రె జాతే గుర్తొస్తుంది. అసలైన అడవి బర్రె వేరే ఉంది. ప్రాణహిత అవతల మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, తెలుగు వాడుక బాగా ఉన్న సిరొంచ వైపు అడవుల్లో, కొలామార్కా అనేచోట అడవి బర్రెల చిన్న గుంపు ఉంది. దానికోసమే 2013లో 180 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవిని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అడవి బర్రె ఛత్తీస్‌గఢ్‌కు రాష్ట్ర జంతువు, అడవిదున్న గోవాకూ బీహార్‌కూ రాష్ట్ర జంతువు. తెలుగులో మాత్రం రెండింటికీ ఒకే మాట నడుస్తోంది. ఎవరైనా 'మా తాతల కాలంలో ఇక్కడ అడవి దున్నలుండేవి' అన్నప్పుడు అవి ఏ దున్నలని ఒకటికి రెండుసార్లు అడగాలి. కొమ్ములు వెనక్కి వాలి పొడుగ్గా ఉంటే అది అడవి బర్రె. నొసటి మీద దిమ్మెలా ఎత్తుగా లేచి, దానికి అటూ ఇటూ కొమ్ములు పైకి వంపు తిరిగి, నాలుగు కాళ్లకూ మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంటే అది అడవిదున్న.

పోతు భుజం దగ్గర ఆరడుగుల దాకా ఎదుగుతుంది. మెడ నుంచి వీపు సగం వరకు కండ గట్టులా లేచి ఉంటుంది. వయసు ముదిరేకొద్దీ పోతుల ఒళ్లు నల్లబడి నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఆడవి, వయసుకు రానివి ముదురు గోధుమ రంగులో ఉంటాయి. అప్పుడే పుట్టిన దూడది లేత బంగారు రంగు, తెల్ల మేజోళ్లు తర్వాత వస్తాయి. చూలు తొమ్మిది నెలలు, ఈతకు ఒక్కటే దూడ. మందను నడిపేది వయసు మళ్లిన ఆడదున్న. పెద్ద పోతులు చాలాకాలం ఒంటరిగా తిరిగి, జత కట్టే రోజుల్లో మందలో కలుస్తాయి. బెదిరితే ముక్కుతో ఈల వేసినట్టు బుస కొడతాయి. ఆ చప్పుడు వినబడిందంటే మంద కదిలిపోయినట్టే.

కొమ్ము జ్ఞాపకం

భద్రాచలం, గోదావరి మన్యం కోయలు ఆడే కొమ్ము కోయ నృత్యాన్ని వారి భాషలో పెర్మకోక్ ఆట అంటారు, అంటే అడవిదున్న కొమ్ముల ఆట. మగవాళ్లు అడవిదున్న కొమ్ములకు నెమలి ఈకలు కూర్చిన తలపాగాలు కట్టి, డోళ్లు వాయిస్తూ, మధ్యమధ్య పోతుల్లా కొమ్ములు ఆనించి తలపడతారు. పొరుగునున్న బస్తర్‌లోనూ ఇలాంటి తలపాగాలే. అక్కడి మారియాలకు 'బైసన్ కొమ్ముల మారియాలు' అన్న పేరును గ్రంథస్థం చేసిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ తన పుస్తకాన్ని 1938లో ప్రచురించాడు. ఆయనే ఆ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో రెవెన్యూ బాధ్యతలు చూశాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిదున్నను మొదటి షెడ్యూలులో చేర్చాక దాన్ని వేటాడడం నేరం. అందుకే పాత కొమ్ములను కుటుంబాలు తరాల తరబడి పదిలపరుచుకుంటున్నాయి. కొమ్ము తలపాగాలు కట్టిన ఊళ్ల చుట్టుపక్కల ఒకప్పుడు ఈ జంతువు ఉండి ఉండవచ్చు.

అడవి ముక్కలైన తీరు

అడవిదున్నకు కావలసినవి మూడు: గడ్డీ వెదురూ, ఎండాకాలంలో ఎండని నీరు, మనిషి అలికిడి లేని జాగా. గత వందేళ్లలో ఈ మూడూ ఒకటొకటిగా తరిగాయి. 1929కల్లా కాజీపేట–బల్లార్ష రైలు మార్గం పూర్తయి, కవ్వాల్ వైపు అడవికీ తూర్పు, ఉత్తర అడవులకూ మధ్య గీత గీసింది. 1938లో స్థాపించిన సిర్పూర్ పేపర్ మిల్లుకు మొదట్లో ముడిసరుకు ఇక్కడి వెదురే. కాగితమైనా, అడవిదున్న మేత అయినా రావలసింది ఆ వెదురు పొద నుంచే. పైగా వెదురు దశాబ్దాలకోసారి మూకుమ్మడిగా పూసి ఎండిపోతుంది, మళ్లీ పొదలు లేవడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి కాలంలో దున్నలు మేత ఉన్న ఇంకో అడవికి తరలిపోవాలి. బొగ్గు గనులు, కడెం ప్రాజెక్టు, రోడ్లు, పత్తి చేలు వచ్చాక ఆ దారులు మూసుకుపోయాయి.

ఇలా విడిపోయి మిగిలిన మందకు ఎదురయ్యే గతి ఎలాంటిదో నల్లమల చూపించింది. అక్కడ పందొమ్మిదో శతాబ్దం చివరి భాగానికే అడవిదున్న మాయమైంది. దాదాపు ఒకటిన్నర శతాబ్దం తర్వాత, 2024 ఆరంభంలో, ఆత్మకూరు అటవీ డివిజన్‌లో ఒకే ఒక్క దున్న కనబడింది. అదే ఏడాది చివర్లో యాదాద్రి భువనగిరి జిల్లా చౌటుప్పల్ మండలంలోని దండుమల్కాపురం దగ్గర, ఫ్యాక్టరీల మధ్యకు ఇంకో ఒంటరి దున్న వచ్చిపడింది. మత్తు ఇచ్చి పట్టుకుని తరలించబోతే అది బతకలేదు. ఒంటరి పోతులు కొత్త తావులు వెతుక్కుంటూ చాలా దూరం నడుస్తాయి. అలా నడిచే జంతువుకు దారి పొడవునా హైవేలు, కంచెలు, కుక్కలే ఎదురవుతుంటే ఏం జరుగుతుందో దండుమల్కాపురంలో తెలిసింది.

లెక్క ఎలా కడతారు

పులికి చారలున్నాయి. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు కాబట్టి కెమెరా ట్రాప్ ఫొటోలు చాలు, ఒక్కొక్క పులినీ గుర్తుపట్టవచ్చు. అడవిదున్నకు ఆ వీలు లేదు. చిరిగిన చెవి, విరిగిన కొమ్ము, కొమ్ముల ఎడం తేడా వంటి గుర్తులను బట్టి కొన్ని పోతులను పోల్చుకోగలరు గానీ మంద మొత్తాన్ని కాదు.

అందుకే నడవాలి. 2006 నుంచి నాలుగేళ్లకోసారి దేశమంతటా జరిగే పులుల లెక్కింపులో శాకాహార జంతువులకు విడిగా మూడు రోజులు ఉంటాయి. ప్రతి బీటులోనూ అడవిని చీల్చుకుంటూ కనీసం రెండు కిలోమీటర్ల తిన్నని గీత, ట్రాన్సెక్ట్, ముందే గుర్తు వేసి ఉంచుతారు. పొద్దు పొడవగానే బీటు అధికారి, ఒక ట్రాకర్ మాట లేకుండా దాని మీద నడుస్తారు. జంతువు కనబడితే అక్కడే ఆగి, ఏ జాతి, ఎన్ని ఉన్నాయి, అందులో దూడలెన్ని అని చూస్తారు. దిక్సూచితో కోణం, రేంజ్‌ఫైండర్‌తో దూరం తీసి, అటవీ సిబ్బంది వాడే ఎం-స్ట్రైప్స్ యాప్‌లో ఎక్కిస్తారు. కంటికి ఆనకుండా పోయినవి ఎన్ని ఉండవచ్చో ఆ దూరాలే చెబుతాయి. జంతువు గీతకు ఎంత దూరంలో ఉంటే కంటబడే అవకాశం అంత తగ్గుతుంది, ఆ తగ్గుదలను బట్టి లెక్క సరిచేస్తారు.

జింకలకు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. తక్కువగా ఉన్న జంతువు దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. నమ్మదగిన అంచనాకు ఒక జాతి కనీసం నలభై యాభై సార్లయినా ఎదురుపడాలి. చెదురుమదురు మందలుగా తిరిగే అడవిదున్న అన్నిసార్లు ఎదురుపడడం అరుదు. అందుకని ఎండాకాలంలో నీటి దగ్గర కాపు కాయడం, కెమెరాల్లో పడ్డ మందలను తలల వారీగా లెక్కపెట్టడం, జాడలు వెతకడం తోడవుతాయి.

జాడ వెతకడం ఇక్కడ అనుకున్నంత సులువు కాదు. ట్రాన్సెక్ట్ మీద ప్రతి 400 మీటర్లకూ ఆగి, నేల మీద కొలిచిన చిన్న పట్టీలో పడి ఉన్న పెంటికలు, పెండ చూసి ఏ జంతువుదో రాసుకోవాలి. అడవిదున్న పెండ మన పశువుల పెండలాగే ఉంటుంది. కోర్‌లోకీ ఊరి పశువులు మేతకు వస్తాయి. అప్పుడు ట్రాకర్ పక్కనే గిట్టల గుర్తు వెతుకుతాడు. అంత ఒళ్లున్నా అడవిదున్న గిట్ట చిన్నది, అచ్చు పొందికగా, ముందు భాగం దగ్గరగా పడుతుంది. బర్రె గిట్ట వెడల్పుగా విచ్చుకుని పడుతుంది. అదీ దొరక్కపోతే విరిచిన వెదురు కొమ్మ ఎంత ఎత్తులో ఉందో చూస్తాడు.  గోండు గూడేల నుంచి ట్రాకర్లుగా వచ్చినవారికి ఈ చదువు యాప్ రాకముందే తెలుసు.

పెండ ఇంకో కథ కూడా చెప్పగలదు. దాని పైపొరకు అంటుకున్న పేగు కణాల నుంచి డీఎన్‌ఏ తీయవచ్చు. మధ్యభారతంలో మిగిలిన అడవి బర్రెల జన్యువులను హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరిశీలించారు. కవ్వాల్ మందలు బయటి రక్తం కలవకుండా ఎన్ని తరాలుగా ఉన్నాయో తేల్చడానికీ దారి ఇదే.

మంద బతుకుతుందా లేదా అన్నది మొత్తం తలల సంఖ్య కన్నా దూడల వరుస బాగా చెబుతుంది. ఇరవై ఉన్న మందలో బంగారు రంగు దూడలు నాలుగు కనబడితే అది నిలబడుతోందని అర్థం. అదే ఇరవైలో దూడ ఒక్కటీ లేకుండా రెండేళ్లు గడిస్తే, సంఖ్య తగ్గకపోయినా కంగారు పడాల్సిందే.

ముప్పులు

వేటగాడి తుపాకీ కన్నా ఈ ప్రాంతంలో ఎక్కువ భయపెట్టేది కరెంటు తీగ. కరెంటు లైను నుంచి దొంగతనంగా లాగిన తీగను జంతువులు నడిచే దారిలో మోకాలెత్తున కడతారు. అడవిపంది కోసం పెట్టిన ఆ తీగకు ఏ జంతువు తగిలితే అది పడిపోతుంది. పులులు కూడా అలా చచ్చాయి.

రెండోది పశువుల జబ్బులు. అడవిదున్న ఆవు జాతికి దగ్గరది కాబట్టి గాలికుంటు, దొమ్మ వంటివి ఊరి మందల నుంచి అంటుతాయి. 1968లో రిండర్‌పెస్ట్ మారి బందిపూర్, ముదుమలై అడవిదున్నలను ఊడ్చినంత పని చేసింది. ఆ జబ్బు 2011 నాటికి ప్రపంచంలోనే అంతమైంది, గాలికుంటు మాత్రం ఉంది. అడవి అంచు పల్లెల్లో పశువులకు వేసే టీకా అడవిదున్నకూ కాపే. కవ్వాల్‌కు అటవీశాఖ ఎంత అవసరమో పశువైద్యుడూ అంతే అవసరం.

పోయినవి తిరిగి వచ్చిన చోట్లు

మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో 1998కల్లా చివరి అడవిదున్న మాయమైంది. 2011లో కాన్హా నుంచి 19 దున్నలను లారీల్లో తెచ్చి వదిలారు, మరుసటి ఏడాదికి మొత్తం 50 చేరాయి. మంద వంద దాటింది. అయినా కొద్దిపాటి తల్లుల సంతానం కావడంతో దగ్గరి రక్తమే మళ్లీ మళ్లీ కలుస్తుందన్న ఆందోళనతో 2025లో సాత్పురా నుంచి కొత్తవాటిని తీసుకొచ్చారు. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో 1902లో అడవి బైసన్లు పాతిక లోపే మిగిలాయి. ప్రైవేటు మందల నుంచి 21 తెచ్చి చేర్చారు, ఇవాళ అక్కడ వేలల్లో ఉన్నాయి. ఐరోపా బైసన్ 1927కల్లా అడవిలో పూర్తిగా పోయి, జూలలో మిగిలినవాటిలో పన్నెండింటి సంతానంతో తిరిగి అడవి చేరింది. ఈ మూడు చోట్లా ఖర్చు, శ్రమ కొండంత. కవ్వాల్‌లో మంద ఇంకా సొంత అడవిలోనే ఉంది కాబట్టి ఇక్కడ పని అంతకన్నా చవక. అయితే ఆలస్యం చేయకుండా చేయాలి.

ఆ పని కొంత మొదలైంది. సాసర్ పిట్లు అనే నీటి గుంతల్లో ట్యాంకర్లతో నీళ్లు నింపుతున్నారు, సోలార్ బోర్లు వేశారు, ఉప్పు దిమ్మెలు పెడుతున్నారు, పొదలు నరికి గడ్డి మైదానాలు పెంచుతున్నారు. 2024లో నిర్మల్ జిల్లా కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గ్రామాల నుంచి 142 కుటుంబాలను కోర్ బయటకు తరలించారు. కొందరు ఇల్లూ భూమీ తీసుకున్నారు, కొందరు కుటుంబానికి రూ.15 లక్షల పరిహారం. పుట్టిన ఊరు వదలడం ఎవరికైనా కష్టమే. ఇచ్చిన మాట ప్రకారం వారి కొత్త ఇళ్లు, పొలాలు అక్కరకు వచ్చాయో లేదో చూడడం కూడా ఈ సంరక్షణలో భాగమే. ఖాళీ అయిన చేలల్లో అటవీశాఖ గడ్డి పెంచుతోంది. ఊరి పశువులు ఊరితోపాటే వెళ్లాయి కాబట్టి, ఆ పాత చేలల్లో ఇప్పుడు పెద్ద పెండ పడి ఉంటే అది దేనిదో తేల్చడానికి ట్రాకర్‌కు ముందున్నంత తిప్పలు లేవు.