మాస్టారింట్లో మూడేళ్లు

ఓ పల్లె. పొద్దుగూకితే ఆ ఇంట్లో వెలుతురంటే కిరసనాయిలు దీపమే. దాని ముందు పుస్తకం తెరుచుకుని ఒక కుర్రాడు. ఏడో తరగతి దాకా చదువంతా ఆ దీపం దగ్గరే సాగింది. హైస్కూలుకి ఊరు దాటాలి. మరి ఉండేదెక్కడ? లెక్కల మాస్టారు తన ఇంట్లోనే పెట్టుకున్నారు. ఒక రోజా, రెండు రోజులా? మూడేళ్లు!

ఆ కుర్రాడే ఇప్పటి భౌతిక శాస్త్రవేత్త చెన్నుపాటి జగదీశ్. పుట్టింది కృష్ణా జిల్లా వల్లూరుపాలెంలో.

మొన్న పద్మారావు నగర్‌లో స్కందగిరి గుడి నుంచి వస్తుంటే, పక్కింటి ఇంటర్ కుర్రాడు వాళ్ల మామయ్య మడత ఫోను చూపించి, "అంకుల్, ఇన్నిసార్లు మడిచినా ఇది విరగదేం?" అన్నాడు. ఆ ప్రశ్నకి నాకు జగదీశ్ గుర్తొచ్చారు.

దూలం వంగదు, కొబ్బరి ఈనె వంగుతుంది. తేడా అంతా మందంలోనే. ఫోను తెర గాజుకి బదులు ప్లాస్టిక్ పొర మీద, వెంట్రుక కన్నా పల్చటి పొరలతో తయారవుతుంది. పెళుసుగా ఉండే సెమీకండక్టర్ స్ఫటికం కూడా అంత సన్నబడితే వంగుతుంది. జగదీశ్ జీవితమంతా ఆ సన్నదనంతోనే గడిచింది.

1977లో నాగార్జున విశ్వవిద్యాలయం బీఎస్సీ, ఆపైన ఆంధ్రా యూనివర్సిటీ, 1986లో ఢిల్లీలో పీహెచ్‌డీ. కొన్నాళ్లు ఢిల్లీ శ్రీ వెంకటేశ్వర కాలేజీలో పాఠాలు చెప్పి, కెనడా వెళ్లి, 1990లో రెండేళ్ల కాంట్రాక్టు మీద కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో అడుగుపెట్టారు. అక్కడే స్థిరపడ్డారు.

అక్కడ ఆయన పని వెలుగిచ్చే సెమీకండక్టర్ల మీద. కంప్యూటర్ చిప్పుల్లోని సిలికాన్ లెక్కలు బాగా చేస్తుంది గానీ వెలుగివ్వడంలో బలహీనం. గాలియం ఆర్సెనైడ్ వెలుగిస్తుంది. దాన్ని వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి నానో తీగగా మొలిపించే తీరు చూడాలి! పలక మీద కంటికి కనిపించని బంగారు నలుసులు చల్లి, వేడి చేసి, వాయువులు పంపుతారు. ఒక్కో నలుసు కింద పరమాణువులు పేరుకుని, నలుసుని నెత్తిన మోస్తూ తీగ పైకి లేస్తుంది. చిక్కేమిటంటే, అంత సన్నటి తీగలో ఎటు చూసినా ఉపరితలమే. పుట్టాల్సిన వెలుగు అక్కడే వృథా అవుతుంది. అందుకని జగదీశ్ బృందం తీగ చుట్టూ అల్యూమినియం కలిసిన మరో పొర తొడిగారు. 2013లో ఆ తీగ, లేజర్ కాంతితో ప్రేరేపిస్తే, మామూలు గది వేడిమిలోనే తానూ లేజరై వెలిగింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం అదే.

ఇలాంటి తీగల ఉపయోగం వెలుగుతోనే ఆగలేదు. 2017లో ఆయన సహచరులు ఇండియం ఫాస్ఫైడ్ తీగల మధ్య ఎలుక జాతి మెదడు కణాలు పెంచారు. అవి తీగల వెంట పాకి, ఒకదానితో ఒకటి కలిసి, ఒకే లయలో స్పందించాయి.

2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తన అత్యున్నత పౌర గౌరవాన్ని ఆయనకిచ్చింది. 2022లో ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ అధ్యక్షుడయ్యారు. ఆయన, భార్య విద్య కలిసి నిధి ఏర్పాటు చేసి, వర్ధమాన దేశాల విద్యార్థుల్ని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీకి పిలిపిస్తున్నారు.

పక్కింటి కుర్రాడికి ఇదంతా చెప్పాను. "బీఎస్సీ ఫిజిక్స్ తీసుకుంటానంటే మా నాన్న ఒప్పుకోడంకుల్" అన్నాడు.

ఆ నాన్నకీ, ఇది చదివే ప్రతి నాన్నకీ నా మనవి ఒకటే: ఫిజిక్స్ చదువుతానన్న పిల్లల్ని ఆపకండి.